కోఠిలో కోటిన్నొకటి

ఇప్పుడు మెట్రో స్తంభం దిగిన చోట
మా మేనమామ ఎస్టీడీ బూత్ ఉండేది.
పసుపుపచ్చ బోర్డు, పగిలిన అద్దం తలుపు,
లోపల మనిషి నిల్చుంటే మోచేతులు బయటికొచ్చేంత జాగా.
నేను తొమ్మిదో క్లాసు. రసీదులు చింపేది నేనే.

వహీదా టీచరు మగ్రిబ్ తర్వాత వచ్చేది.
నంబరు చెప్పేది, నేను నొక్కేదాన్ని.
నాలుగు ఆరు ఐదు మూడు రెండు ఒకటి ఎనిమిది.
నాలుగు ఆరు ఐదు మూడు రెండు ఒకటి ఎనిమిది.
"ఒక్కసారి చెప్తే చాలదా మేడమ్?" అన్నానొకరోజు.
రసీదు తిప్పి, ఆ పద్నాలుగంకెలూ ఎడం లేకుండా రాసి,
"పదకొండుతో భాగించు" అంది.

భాగించాను. నిశ్శేషంగా పోయింది.
మామయ్య నంబరు రెండుసార్లు రాశాను. అదీ పోయింది.
అఫ్జల్‌గంజ్ కిరాణా కొట్టు,
ఇసామియా బజార్ దర్జీ,
బాకీ ఎగ్గొట్టి నంబరు మాత్రం వదిలిపోయిన పేయింగ్ గెస్టు,
ఎవరిదైనా సరే,
రెండుసార్లు పలికితే పదకొండు ముందు సున్నా.

"దీని వెనక ఒకరున్నారు" అంది టీచరు.
"కోటిన్నొకటి.
చివర్లలో రెండు ఒకట్లు, నడుమ ఆరు సున్నాలు.
ఏ ఏడంకెల సంఖ్యనైనా దాంతో గుణించు,
గోల్కొండ దర్వాజా కింద కొట్టిన చప్పట్లు పైన వినబడ్డట్టు
అదే సంఖ్య ఇంకోసారి పలుకుతుంది.
విప్పి చూస్తే లోపల రెండే గింజలు.
ఒకటి పదకొండు.
ఇంకోటి తొమ్మిది లక్షల తొమ్మిది వేల తొంభై ఒకటి.
అది ఇక పగలదు.
పగలగొడదామని ఒక రంజాన్ నెలంతా కూర్చున్నా, బేటీ."

మామయ్య గల్లాపెట్టె మీంచి నవ్వాడు.
"కోఠిలో ఒత్తు తీసేస్తే
మనమూ కోటికి పడగెత్తినోళ్లమే."

ఎందుకో నాకు రాత్రి తట్టింది,
పళ్లెంలో అన్నం చల్లారిపోతుంటే.
ఏడు బేసి.
అంకెల్ని ఒకటి విడిచి ఒకటి రెండు వరసలు చేస్తే
మొదటిసారి ఈ వరసలో నిల్చున్న నాలుగు
రెండోసారి ఆ వరసలో నిలబడుతుంది.
ప్రతి అంకే ఒకసారి ఇచ్చి ఒకసారి తీసుకుంటుంది.
ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

ఒక్కసారే చెప్తే మాత్రం
తొమ్మిది మిగులుతుంది.

అవతల ఆమె అక్క, మలక్‌పేటలో.
ఎత్తేది. మాట్లాడేది కాదు.
"ఆపా" అనేది టీచరు. కాసేపాగి మళ్లీ "ఆపా."
మీటరు ఎర్రంకె ఒకటి మారేది.
అందరి దగ్గరా రూపాయి పావలా తీసుకునే మామయ్య
ఆమె దగ్గర రూపాయే తీసుకునేవాడు.
ఏం గొడవో నేనడగలేదు.
ఒకసారి అద్దం వెనక పెదాలు చూశాను, అంతే,
గాజులు, అన్నాయి.
గాజులు.

తర్వాత సిటీ నంబర్లన్నింటి ముందూ రెండు వచ్చి చేరింది.
ఆ సాయంత్రం ఆమె ఎనిమిదంకెలు చెప్పింది,
ఎనిమిదీ మళ్లీ చెప్పింది.
నేను నొక్కలేదు. ముందు భాగించాను.
మూడు మిగిలింది.
ఎనిమిది సరి కదా,
రెండోసారీ ప్రతి అంకే పాత వరసలోకే వస్తుంది,
అలిగిన మనిషి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నట్టు.

రసీదు చూపించాను.
"ఇక కోటిన్నొకటి చాలదు" అంది టీచరు.
"పది కోట్ల ఒకటి కావాలి.
దాని కడుపులో పదకొండు లేదు, పదిహేడుంది."
పదిహేడు నా వేళ్లకి లొంగే లెక్క కాదు.
మూడుని అలాగే వదిలేసి నంబరు నొక్కాను.

లైను కలిసింది.
కొత్త నంబరుతో చిక్కో, గొంతు పోల్చుకోలేదో,
పోల్చుకుందో,
"రాంగ్ నంబర్" అంది ఆపా.

మూడేళ్లలో మొదటి మాట.

టీచరు రిసీవరు పెట్టేసి
అద్దం మీది పగులు మీద వేలు జరుపుతూ నిల్చుంది.
తర్వాత గల్లా మీద రెండు రూపాయలు పెట్టింది.
"ఇంకోసారి కలుపు" అంది.